గంట మోగని చోట

బెంగళూరు పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సందేహం: జిమ్‌లోనో డోజోలోనో (జూడో, కరాటే లాంటివి నేర్పే చోటు) నేర్చుకున్నది రోడ్డు మీద పనికొస్తుందా? వాటిలో ఏడు ఎంచుకున్నాం. బాక్సింగ్, జూడో (ఎదుటివాణ్ణి పట్టి పడేసే విద్య), జియు-జిట్సు (నేల మీద పెనుగులాడి లొంగదీసే విద్య) నేర్పే శిక్షకులు కలిసి జవాబులు రాశారు. చట్టానికి సంబంధించిన జవాబు న్యాయవాదిది.

ప్రశ్న: మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ఎనిమిది నెలలుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. వారానికి నాలుగు రోజులు వెళ్తాను, శనివారం స్పారింగ్ (జోడీతో తలపడే సాధన) ఉంటుంది. నైట్ షిఫ్ట్ ముగించుకుని వచ్చేటప్పుడు ఎవరైనా మీద పడితే ఇది నన్ను కాపాడుతుందా? "రింగ్ ఆట రోడ్డు మీద చెల్లదు" అని నా రూమ్మేట్ తేల్చేశాడు సార్.

జవాబు: మీ రూమ్మేట్ మాటలో సగమే నిజం. ఎదుటి మనిషి నిజంగానే కొట్టాలని చూస్తున్నప్పుడు కళ్లు మూసుకోకుండా నిలబడటం, దెబ్బ తగిలాక కూడా ఊపిరి బిగబట్టకపోవడం, చేయి ఎంత దూరం అందుతుందో కంటితోనే పసిగట్టడం ఎవరికీ పుట్టుకతో రావు. వీడియోలు చూస్తే అసలే రావు. మీ శనివారం స్పారింగ్‌లోనే వస్తాయి. దాన్ని మానకండి.

ఇక మిగతా సగం. మీరు రింగ్ ఎక్కేసరికి చాలా విషయాలు ఎవరో ముందే తేల్చిపెట్టి ఉంటారు. ఎదుటివాడు ఒక్కడే, పైగా మీ బరువువాడు. అతని చేతిలో ఏమీ లేదని రెఫరీ చూసుకున్నాడు. మూడు నిమిషాలకోసారి గంట కొడతారు, నిమిషం విరామం ఇస్తారు. కింద పడ్డవాణ్ణి కొట్టనివ్వరు. వీటన్నిటికంటే పెద్ద వసతి ఏమిటంటే, పోరు ఏ క్షణాన మొదలవుతుందో ఇద్దరికీ తెలుసు. రోడ్డు మీద మొదటి దెబ్బ "టైమెంతైంది బ్రదర్" అన్న మాట వెనకే వస్తుంది. అప్పటికి మీ రెండు చేతులూ జేబుల్లో ఉంటాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి.

అందరూ పట్టించుకోని తేడా మీ చేతుల్లోనే ఉంది. జిమ్‌లో నాలుగున్నర మీటర్ల ర్యాప్ (గుడ్డ పట్టీ) చుట్టి, పైన 14 లేదా 16 ఔన్సుల గ్లవ్ తొడుగుతారు. మణికట్టు కదలదు, మెటికలు దెబ్బతినవు. ఆ రెండూ తీసేసి పిడికిలి బిగించి చూడండి. చూపుడు వేలు, మధ్య వేలు వెనక ఎముకలు మణికట్టుకు గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు వెనక ఎముకలు సన్నవి, కాస్త కదులుతాయి కూడా. మీరు హుక్ (పక్క నుంచి వంపుగా వేసే గుద్దు) వేసేటప్పుడు ఎదుటివాడు తల వంచాడనుకోండి, ఆ రెండు సన్న ఎముకలే వాడి నుదుటి గట్టి భాగానికి వెళ్లి తగులుతాయి. అప్పుడు చిటికెన వేలి ఎముక మెటిక కిందే విరుగుతుంది. డాక్టర్లు దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. అరచేతి బయటి అంచు ఉబ్బుతుంది, పిడికిలి బిగిస్తే ఆ మెటిక లోపలికి కుంగినట్టు కనిపిస్తుంది. విరిగిన కుడి చేత్తో ఫోన్ లాక్ తీయలేరు, బండి యాక్సిలరేటర్ తిప్పలేరు. సరిగ్గా పారిపోవాల్సిన సమయంలో ఆ రెండూ పోతాయి. 1988 ఆగస్టులో న్యూయార్క్ హార్లెంలో మైక్ టైసన్ అంతటివాడు మిచ్ గ్రీన్‌తో వీధిలో కలబడి కుడిచేతి ఎముక చిట్లించుకున్నాడు. రాబోయే పోటీ వాయిదా పడింది. అప్పటికి అతను ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్.

కాబట్టి వట్టి చేత్తో మొహాన్ని కొట్టాల్సివస్తే అరచేతి మొదలు వాడండి. వేళ్లు కాస్త వెనక్కి వంచి, మణికట్టు దగ్గరున్న గట్టి కండతో, మీ జాబ్ (ముందు చేతి గుద్దు), క్రాస్ (వెనక చేతి గుద్దు) వెళ్లే దారిలోనే కొట్టాలి. అడుగు మారదు, నడుము తిప్పడం మారదు. ప్యాడ్స్ మీద మూడు నాలుగు క్లాసులు చేస్తే అలవాటవుతుంది. పొట్టకు, పక్కటెముకలకు పిడికిలి ఫరవాలేదు.

గార్డ్ (మొహానికి చేతులు అడ్డుపెట్టుకునే తీరు) కూడా మార్చుకోవాలి. పెద్ద గ్లవ్స్ వెనక మొహం దాచుకోవడం జిమ్‌లో పనిచేస్తుంది. వట్టి చేతుల సందుల్లోంచి దెబ్బ నేరుగా లోపలికి వస్తుంది. రెండు అరచేతులనూ నుదుటి పైభాగానికి, జుట్టు మొదలయ్యే చోట ఆనించి మోచేతులు ముందుకు పెట్టండి. దెబ్బ మోచేతికి తగిలిందంటే వాడి వేళ్లే విరుగుతాయి. నడుము దగ్గర కిందికి వంగి తప్పించుకునే అలవాటు మాత్రం మానుకోవాలి. రింగ్‌లో ఎదుటివాడు మోకాలితో కొట్టకూడదు. బయట ఆ నిషేధం లేదు.

ప్రశ్న: హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఏడాదిన్నరగా జియు-జిట్సు చేస్తున్నాను. నూటికి తొంభై కొట్లాటలు చివరికి నేల మీదే తేలతాయని మా క్లాసులో చెబుతారు. అలాంటప్పుడు నేను కావాలనే ఎదుటివాణ్ణి కిందికి లాగేస్తే మంచిదే కదా?

జవాబు: వద్దు. ఆ తొంభై శాతం మాట పోలీసుల అరెస్టు లెక్కల్లోంచి పుట్టి, చేతులు మారుతూ పెరిగింది. పోలీసులు మనిషిని నేలకు పడేసేది బేడీలు వేయడానికి. వాళ్ల వెనక ఇంకో నలుగురు పోలీసులుంటారు. మీ వెనక ఎవరుంటారో మీకు తెలియదు, వాడి వెనక ఎవరున్నారో అంతకంటే తెలియదు.

1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో (రకరకాల పోరాట విద్యలవాళ్లు తలపడే పోటీ) జియు-జిట్సు వీరుడు రాయిస్ గ్రేసీ తనకంటే బరువైనవాళ్లను నేలమీదికి లాగి గెలిచాడు. ఆ విద్య ఎంత గొప్పదో లోకానికి తెలిసింది ఆ రోజే. అయితే అక్కడ కింద పరిచింది క్యాన్వాస్, ఎదురుగా ఉన్నది ఒక్కడే. అవుటర్ రింగ్ రోడ్ సర్వీస్ రోడ్డులో కింద ఉండేది కంకర, డివైడర్ అంచు, వెనక వస్తున్న టెంపో. గార్డ్‌లోకి లాగి, అంటే వాణ్ణి మీ కాళ్ల మధ్య బిగించుకుని, వెల్లకిలా పడుకుంటే మీ తల వెనకభాగం, నేల, వాడి బరువు ఒకే గీత మీదికి వస్తాయి.

జియు-జిట్సులో రోడ్డు మీద అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఏ చోకూ (మెడ బిగించే పట్టు) కాదు, ఏ ఆర్మ్‌బారూ (మోచేయి విరిచే పట్టు) కాదు. కింద పడ్డాక లేచి నిలబడటం. క్లాసులో దీన్ని వార్మప్‌లో ఐదుసార్లు చేయించి వదిలేస్తారు. అసలు పాఠంలా చేయాలి. వెల్లకిలా పడ్డారనుకోండి. గడ్డం ఛాతీకి ఆనించండి, తల నేలకు తగలకూడదు. ఎడమపక్కకు ఒరిగి ముందు మోచేయి, ఆ తర్వాత అరచేయి మీ వెనకాల నేల మీద ఊనండి. కుడి పాదం నేలకు పూర్తిగా ఆనించండి, మోకాలు పైకి ఉండాలి. కుడి చేయి మొహానికి అడ్డు. ఇప్పుడు మీ బరువంతా ఎడమ అరచేయి, కుడి పాదం మీదే ఉంది. ఎడమ కాలికి పని లేదు కాబట్టి ఎదుటివాడు దగ్గరికొస్తే వాడి మోకాలి మీద దాంతోనే తన్నండి. వాడు వెనక్కి తగ్గగానే నడుము లేపి, ఆ ఎడమ కాలిని ఒంటి కింద నుంచి వెనక్కి లాగి, నేల మీదున్న ఎడమ చేతికి ఇంకా వెనకగా పెట్టండి. చేయి తీసి లేవండి. మొదటి నుంచి చివరి దాకా చూపు వాడి మీదే.

చెడేది రెండు చోట్ల. వెనక్కి లాగిన పాదం చేతికి ముందే ఆగిపోతుంది, దాంతో లేచీలేవకముందే తూలి మళ్లీ కూలబడతారు. ఇంకొందరు కంగారులో బోర్లా తిరిగి రెండు చేతులూ నేలకు ఊని లేస్తారు. అప్పుడు వీపూ తలా వాడికి అప్పగించినట్టే, తన్ను తలకు తగులుతుంది. ఒక్కో పక్కకు పదేసిసార్లు చేయండి. గి (క్లాసు దుస్తులు) వేసుకుని చేసింది చాలదు. జీన్స్, బూట్లు వేసుకుని, ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని చేసి చూడండి. బ్యాగ్ పట్టీ జారి మోచేతిని లాగేస్తుందని ఇంట్లోనే తెలిస్తే మంచిది.

చోక్ గురించి ఒక హెచ్చరిక. మెడకు రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకుపోతే మనిషికి పది సెకన్ల అటూ ఇటూగా స్పృహ తప్పుతుంది. క్లాసులో వాడు ట్యాప్ చేస్తాడు (లొంగిపోయానని చేత్తో తడతాడు), మీరు వదులుతారు. బయట ట్యాప్ ఉండదు. భయంలో మీకు సెకన్ల లెక్క తెలియదు. స్పృహ పోయాక కూడా పట్టు బిగించే ఉంచితే ప్రాణం పోవచ్చు. ఒళ్లు వదులైన క్షణమే వదిలేయండి.

ప్రశ్న: కేఆర్ పురంలో ఉంటామండీ. మా అమ్మాయికి పదహారేళ్లు. టైక్వాండోలో బ్లాక్ బెల్ట్ వచ్చింది, మెడల్స్ కూడా ఉన్నాయి. ట్యూషన్‌కి ఒంటరిగా బస్సులో వెళ్లొస్తుంది. ఇక భయం లేదనుకోవచ్చా?

జవాబు: బ్లాక్ బెల్ట్ దాకా వచ్చిందంటే ఎన్ని ఉదయాలు నిద్ర మానుకుందో మాకు తెలుసమ్మా. ఆ పట్టుదల ఆమెకు జీవితాంతం తోడుంటుంది. భయం గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాం.

పోటీల్లో ఎలా ఆడాలో పాయింట్లే నేర్పిస్తాయి. టైక్వాండో పోటీలో పొట్ట మీద పిడిగుద్దుకు 1 పాయింటు, కాలిదెబ్బకు 2, తలకు తగిలిన కాలిదెబ్బకు 3. గిర్రున తిరిగి తన్నితే ఇంకా ఎక్కువ. చేత్తో మొహం మీద కొట్టడం నిషిద్ధం. అందుకే ఆ ఆటలో పిల్లలు చేతులు కిందికి వదిలేసి దూరం నుంచి ఎత్తుగా తన్నడంలో ఆరితేరుతారు. కిక్కిరిసిన బీఎంటీసీ బస్సులో కాలు ఎత్తే జాగా ఉండదు. అక్కడ జరిగేది మణికట్టు పట్టుకోవడం, జడ లాగడం, వెనక నుంచి ఆనుకోవడం. దూరం ఉన్నప్పుడు ఆమె కాలు నిజంగానే బలమైన ఆయుధం. దాన్ని తలకు కాకుండా మోకాలికి, ముంగాలి ఎముకకు ఎక్కుపెట్టమనండి. తడి రోడ్డు మీద చెప్పులతో తలెత్తు తన్ను తన్నబోతే తానే జారిపడుతుంది.

మణికట్టు పట్టుకుంటే వెనక్కి గుంజడం అందరూ చేసే తప్పు. అది బలాబలాల పోటీ అయిపోతుంది. పట్టులో బలహీనమైన చోటు వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు. చేయి తిప్పి, మణికట్టు సన్నని అంచును ఆ సందు వైపు పెట్టి, వాడి దగ్గరికి ఒక అడుగు వేస్తూ మోచేయిని ముందుకు తోయాలి. పట్టు ఊడుతుంది. ఊడిన వెంటనే ఆగి చూడటం కాదు, అక్కడి నుంచి కదిలిపోవాలి. జుట్టు పట్టుకుంటే రెండు చేతులతో వాడి చేతిని తన తలకే అదిమిపట్టి, లాగుతున్న వైపే రెండడుగులు వేయాలి. అప్పుడు జుట్టు కుదుళ్ల మీద లాగుడు తగ్గుతుంది, మెడ నిలబడుతుంది. ఆపైన ముంగాలి మీద తన్నొచ్చు.

గొంతుకూ శిక్షణ కావాలి. ఆడపిల్లలు గట్టిగా అరవడానికి సిగ్గుపడతారు, ఇంట్లో మనమే అలా పెంచాం. డాబా ఎక్కి అరిపించండి. ఏ భాషలో అరవాలో కూడా ముందే అనుకోవాలి. ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్లకు వెంటనే తగిలేది కన్నడం: "ముట్టబేడ! దూర నిల్లు!" అంటే ముట్టుకోకు, దూరంగా నిలబడు. "యారాదరూ సహాయ మాడి" (ఎవరైనా సాయం చేయండి) అని గుంపుకు చెబితే ఎవరూ కదలరు. ఒక మనిషిని చూపించి, "నీలి శర్ట్ అణ్ణ, సహాయ మాడి" అనాలి. తనను పిలిచారని తెలిస్తే ఆ మనిషి లేస్తాడు.

ఇంకో విషయం, ఇది బాధగా ఉన్నా చెప్పాలి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) ఏటా వేసే లెక్కల్లో అత్యాచార కేసుల్లో పదికి తొమ్మిదికి పైగా నిందితులు తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు. అలాంటిచోట ఏ కిక్కూ పనికిరాదు, ఎందుకంటే పిల్ల దాన్ని కొట్లాటగా గుర్తించదు. "ఎవరైనా సరే, నీకు ఇబ్బందనిపిస్తే లేచి వచ్చెయ్, నేను నిన్నే నమ్ముతాను" అని తల్లి ముందే ఒకసారి నోరు తెరిచి చెప్పడం అన్ని బెల్టులకంటే పెద్ద రక్షణ.

ప్రశ్న: సిల్క్ బోర్డ్ మీదుగా రోజూ బైక్ మీద ఆఫీసుకు వెళ్తాను. పోయిన వారం నా హ్యాండిల్ ఒక కారు అద్దానికి తగిలింది. అతను దిగి తిట్టుకుంటూ మీదికొచ్చాడు. ఎలాగో బయటపడ్డాను గానీ ఇంటికొచ్చాక కూడా చేతులు వణికాయి. కిక్‌బాక్సింగ్ తెలిసినవాణ్ణి, అయినా ఏం చేయాలో తోచలేదు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీరు తప్పు చేయలేదు. కొట్లాట జరగలేదు, ఇంటికి చేరారు. చేతులు వణికింది పిరికితనం వల్ల కాదు. అడ్రినలిన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి, ఖర్చవకుండా మిగిలిపోతే కండరాలు అలాగే వణుకుతాయి. అది ఎక్కినప్పుడు చూపు సన్నని గొట్టంలోంచి చూసినట్టు కుంచించుకుపోతుంది, చప్పుళ్లు దూరమవుతాయి, వేళ్లు సన్నపనులకు పనికిరావు. పోటీకి వెళ్లేవాళ్లకు ఇది మెల్లగా, గంట ముందు నుంచే ఎక్కుతుంది. మీకు రెండు సెకన్లలో ఎక్కింది. తోచకపోవడానికి కారణం అదే.

ఈసారికి కొన్ని పనులు. హెల్మెట్ తీయకండి. "మర్యాదగా మాట్లాడదాం" అనుకుని చాలామంది ముందు చేసే పని హెల్మెట్ తీసి అద్దం మీద పెట్టడం. బెంగళూరు రోడ్డు మీద మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి రక్షణ కవచం అదే. వైజర్ ఎత్తి మాట్లాడితే చాలు. స్టాండ్ వేసి దిగి, బండిని మీ ఇద్దరి మధ్యకు వచ్చేలా చూసుకోండి. బండి మీద కూర్చునే ఉంటే మీ రెండు కాళ్లూ బరువు మోస్తుంటాయి, ఒక్క తోపుకు బండితో సహా పడతారు.

రెండు చేతులూ ఛాతీ ఎత్తుకు తెచ్చి, అరచేతులు బయటికి చూపిస్తూ, "తప్పాయితు అణ్ణ, బిడి" (తప్పయింది అన్నా, వదిలేయండి) అనండి. తప్పు ఎవరిదో ఆ క్షణంలో తేలదు, తేలాల్సిన అవసరమూ లేదు. చుట్టూ ఉన్నవాళ్లకు, సీసీ కెమెరాకు మీరు తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. మీ చేతులు మాత్రం గార్డ్‌కు నాలుగంగుళాల దూరంలోనే ఉన్నాయి. కిక్‌బాక్సింగ్ నిలబడే తీరులో పిడికిళ్లు ఎత్తితే అది సవాలే, ఆగాలనుకున్నవాడు కూడా ఆగడు. మధ్యలో రెండు చేతుల దూరం ఉంచండి. అతను ఒక అడుగు వేస్తే మీరు పక్కకు ఒక అడుగు వేయండి. నేరుగా వెనక్కి పోతే ఫుట్‌పాత్ అంచు తగిలి పడతారు.

తిడుతున్న మనిషికంటే తిట్టడం ఆపేసిన మనిషి ప్రమాదం. మాటలు ఒక్కొక్కటే వస్తాయి, దవడ బిగుసుకుంటుంది, చూపు మీ మొహం మీది నుంచి గడ్డం మీదికి దిగుతుంది, ఒకసారి చుట్టూ ఎవరున్నారో చూస్తాడు, ఒక కాలు వెనక్కి వేస్తాడు. వీటిలో రెండు కలిసి కనిపిస్తే మాటల దశ అయిపోయినట్టే. అప్పటికి మీరు కదులుతూ ఉండాలి. ఒక చేయి కనిపించకుండా నడుము వెనకో, కారు సీటు కిందో ఉంటే బండి వదిలేసి పరుగెత్తండి. 1983లో అమెరికన్ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ కొలిచి చూపించాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. కత్తిని పట్టుకుని లాగేసే టెక్నిక్ ఎవరైనా నేర్పితే, తడి స్కెచ్ పెన్ను ఇచ్చి నిజంగా పొడవమనండి. అర నిమిషం తర్వాత చొక్కా మీద గీతలు లెక్కపెట్టుకోండి.

కారులో ఉన్నవాళ్లకు ఒక మాట. సిగ్నల్ దగ్గర ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనిన చోటు కనిపించేంత ఖాళీ ఉంచి ఆగండి. అంత ఉంటే రివర్స్ వేయకుండానే పక్కకు తప్పుకోవచ్చు. అద్దాలు దించకండి, తలుపులు లాక్. 112కు ఫోన్ చేయండి. మన దేశంలో అమ్మే స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లాలని నియమం ఉంది. కొన్ని ఫోన్లలో సెట్టింగ్ వేరుగా ఉంటుంది, ఈ రాత్రే చూసి పెట్టుకోండి.

ప్రశ్న: బాక్సర్లు, కరాటేవాళ్లు తమ చేతులను ఆయుధాలుగా పోలీసు స్టేషన్లో రిజిస్టర్ చేయించుకోవాలంటారు, నిజమా? ఆత్మరక్షణలో ఎదుటివాడికి దెబ్బ తగిలితే నా మీదే కేసు పెడతారా?

జవాబు (న్యాయవాది): చేతులకు రిజిస్ట్రేషన్ అంటూ ఏదీ లేదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. ఆటకూ కొట్లాటకూ తేడా అదే చట్టంలో 25వ సెక్షన్లో ఉంది. పద్దెనిమిదేళ్లు దాటిన ఇద్దరు ఇష్టపూర్వకంగా కత్తిసాము ఆడుకుంటూ, మోసం లేకుండా ఆడినా ఒకరికి దెబ్బ తగిలితే అది నేరం కాదని ఉదాహరణ కూడా ఇచ్చారు. మీ శనివారం స్పారింగ్‌ను కాపాడేది ఆ సమ్మతి. రోడ్డు మీద సమ్మతి లేదు. "రారా చూసుకుందాం" అని ఇద్దరూ బహిరంగంగా కలబడితే 194వ సెక్షన్ కింద ఇద్దరి మీదా కేసే. అప్పుడు ఆత్మరక్షణ అనే వాదన నిలబడటం కష్టం.

హక్కు ఎప్పుడు మొదలవుతుంది? ఒంటికి ప్రమాదం తప్పదన్న సహేతుకమైన భయం కలిగిన క్షణాన. మొదటి దెబ్బ తినేదాకా ఆగనక్కర్లేదు. ఆ భయం ఉన్నంతసేపే హక్కు. వాడు కింద పడి, లేవలేక, లేదా పారిపోతూ ఉంటే అక్కడితో ఆగాలి. ఆ తర్వాత తన్నిన ఒక్క తన్ను మిమ్మల్ని బాధితుడి కుర్చీలోంచి నిందితుడి కుర్చీలోకి మారుస్తుంది. కీడును ఆపడానికి అవసరమైనంతకు మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ అంటుంది. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కును వివరంగా చర్చించింది. ప్రాణభయంలో ఉన్న మనిషి ప్రతి దెబ్బనూ తూకం వేసి కొట్టాలని కోర్టులు అడగవు. దెబ్బకు దెబ్బ తీర్చుకోవడాన్ని మాత్రం ఒప్పుకోవు.

శిక్షణ ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దృష్టిలో అది "తీవ్ర గాయం". దానికి శిక్ష ఏడేళ్ల దాకా ఉండొచ్చు. మీరు సరదాగా అనుకున్న ఒక్క క్రాస్‌కు ఒక పన్ను చాలు.

పెప్పర్ స్ప్రే కొనడానికి లైసెన్స్ అక్కర్లేదు. 2024లో ఒక కేసు కొట్టేయమన్న పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు తిరస్కరిస్తూ పెప్పర్ స్ప్రేను ప్రమాదకర ఆయుధంగానే చూసింది. ప్రాణానికి ముప్పు లేని తగాదాలో వాడితే ఇబ్బంది తప్పదు. గొడవ జరిగితే ముందుగా 112కు మీరే చెప్పండి. అదే రోజు ఆసుపత్రిలో మెడికో-లీగల్ కేసుగా (పోలీసు కేసుకు పనికొచ్చే ఆసుపత్రి రికార్డుగా) గాయాలు రాయించుకోండి. ఏ స్టేషన్ పరిధి అన్నది తేలకపోయినా జీరో ఎఫ్ఐఆర్ ఎక్కడైనా ఇవ్వొచ్చు.

ప్రశ్న: మా కంపెనీలో రెండు రోజుల సెల్ఫ్ డిఫెన్స్ వర్క్‌షాప్ పెట్టారు. అది చాలా, లేక ఏదైనా క్లాసులో చేరాలా?

జవాబు: ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, అరవడం, ఫోన్ సెట్టింగులు, ఎవరికి చెప్పాలి అన్నవి రెండు రోజుల్లో నేర్పొచ్చు. అవి విలువైనవే. ఒంటి మీదికొచ్చిన మనిషిని వదిలించుకోవడం మాత్రం రెండు రోజుల్లో రాదు. చేరే ముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. పట్టుకున్నవాడు ఎదురు తిరుగుతున్నాడా, లేక నేర్చుకునేవాళ్లు టెక్నిక్ పూర్తి చేసేదాకా బొమ్మలా నిలబడుతున్నాడా? వాడు బొమ్మలా నిలబడే క్లాసుకు వెళ్లకండి, బోర్డు మీద ఎంత పెద్ద పేరు రాసి ఉన్నా సరే. ఆ లెక్కన వారానికి మూడు రోజుల జూడో, కుస్తీ లేదా బాక్సింగ్ ఏడాది చేసినవాళ్లు ఎన్నో రెట్లు నయం.

ఒకటే నేర్చుకోగలిగితే ఏదని అడిగితే మా ఓటు జూడోకు. 1882లో జిగోరో కానో మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడ మొదటి పాఠం పడటమే. గడ్డం ఛాతీకి ఆనాలి, వీపు గుండ్రం చేయాలి, చేయి ఒంటికి సుమారు 45 డిగ్రీల దూరంలో అరచేయి నుంచి మోచేయి దాకా ఒకేసారి నేలకు తగలాలి. చేయి నిటారుగా చాచి పడితే మణికట్టు విరుగుతుంది. వానాకాలంలో మడివాళ బస్టాపు దగ్గర జారిపడినప్పుడు కూడా ఈ పాఠం అక్కరకొస్తుంది.

ప్రశ్న: తోపులాటలో పడి మా తమ్ముడి తల వెనక నేలకు తగిలింది. కాసేపు తికమకగా మాట్లాడి మామూలైపోయాడు. రక్తం రాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాలా అండీ? చేతి మెటిక మీద చిన్న కోత కూడా ఉంది.

జవాబు: ఇది చదివేదాకా ఆగి ఉంటే ఈరోజే తీసుకెళ్లండి. వీధి కొట్లాటల్లో ప్రాణాలు తీసేది చాలాసార్లు పిడికిలి కాదు, ఆ తర్వాత తల తగిలిన కాంక్రీటు. రింగ్ కింద మెత్తని పొర వేసేది అందుకే. "మామూలైపోయాడు" అన్నది భరోసా ఇచ్చే మాట కాదు. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరుతుంటే మనిషి కొన్ని గంటలు బాగానే ఉండి, తర్వాత హఠాత్తుగా కుప్పకూలొచ్చు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా లేవనంత మగత, ఒక కంటి పాప రెండోదానికంటే పెద్దగా ఉండటం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటిది కారడం, ఒక చేయో కాలో బలం తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఒక్క నిమిషం ఆగకుండా సీటీ స్కాన్ ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లండి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ తలకు, నరాలకు సంబంధించిన ప్రభుత్వ సంస్థ. మొదటి 24 గంటలు ఒంటరిగా వదలకండి, మద్యం ఇవ్వకండి, ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ లాంటివి డాక్టర్ చెప్పకుండా వేయకండి.

మెటిక మీది కోత గురించి అతన్ని సూటిగా అడగండి: ఎదుటివాడి పన్ను తగిలిందా? పన్ను గీరితే నోటిలోని క్రిములు చర్మం కింద కీలులోకి పోతాయి. వేళ్లు ముడిచినప్పుడు పడిన కోత, చేయి చాచగానే మూసుకుపోయి లోపల చీము పడుతుంది. గాజు గీసుకుందని డాక్టరుకు అబద్ధం చెబితే కుట్లు వేసి పంపేస్తారు, రెండు రోజుల్లో చేయి వాచిపోతుంది. కుళాయి కింద ఐదు నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే చూపించి, పన్ను తగిలిందని చెప్పాలి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నాడో కూడా చెప్పాలి.

అతనికి ఏదైనా ఆట అలవాటుంటే, డాక్టరు రాసి ఇచ్చేదాకా స్పారింగ్ వద్దు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో తలకు దెబ్బతో నాకౌటైనవాళ్లను కనీసం 30 రోజులు మళ్లీ రింగ్ ఎక్కనివ్వరు. రోడ్డు మీద దెబ్బ తిన్నవాడికి ఆ చీటీ రాసిచ్చే అధికారి లేడు. అక్కగా మీరే అతని గ్లవ్స్ తీసి దాచండి.